నాలుగు ఎంటర్లు

సైదాపేట కోర్టు ఎదురు సందులో
ఏళుమలై జిరాక్స్ షాపు.
మన భాషలో అయితే ఏడుకొండలు.
ఆ సంగతి నేనే చెప్పాను ఆయనకి.
నవ్వి, రెండు కాపీలకి డబ్బులు తీసుకోలేదు.

ఆ రోజు వెళ్లింది ఇంటి అద్దె కాగితం కోసం.
వాన రాబోయే ముందు ఉక్క.
ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయని
చెమటలోనే కూర్చుని ఉన్నాడు.
పాత కంప్యూటరు. అందులో
కొనే పనిలేని సాఫ్ట్‌వేరు, ఎవరో కుర్రాడు ఎక్కించి వెళ్లింది.
ప్రింటు నొక్కగానే లేచిన చిన్న కిటికీని
చటుక్కున గుర్తుపట్టాను,
బస్టాండు గుంపులో మనింటి గొడుగుని గుర్తుపట్టినట్టు.

ఆ కిటికీ నాది.
నాది అంటే, నాది కాదు.
ఎవరిదీ కాదు కనకే
దాన్ని చూసుకుంటున్నందుకు నాకు నెలనెలా జీతం.

ఈ ముక్క బ్యాంకులో చెప్పి చూశాను ఒకసారి.
"మీ కంపెనీ ఏం అమ్ముతుంది?"
నేను రాసేది అమ్మరండీ, ఊరికే ఇచ్చేస్తారు.
"మరి మీకెవరిస్తారు?"
ఇస్తారండీ.
స్కూటరు లోను ఫారంలో ఆ గడి దగ్గర
ఆవిడ పెన్ను చాలాసేపు ఆగి
చివరికి 'ఇతరములు' అని రాసింది.

ఇతరములలోనే బతుకుతున్నాను,
తరమణిలో మూడో అంతస్తు,
పందొమ్మిదేళ్ల నాటి కోడు ముందు.
మొదట రాసినవాడు ఏదో చలిదేశంలో రొట్టెల బట్టీ మనిషట.
పిండి పొంగేలోపు దొరికిన ఖాళీలో రాసేవాడట, పైసా లేకుండా.
ఒకచోట ఆయన వదిలిన మాట ఇంకా ఉంది:
"ఇది ఎందుకు పనిచేస్తోందో తెలీదు. కదపకండి."
కదపకుండా ఉన్నందుకు కూడా నాకు జీతమే.
నెలాఖరున ఫోను టింగుమన్నప్పుడు
ఆయన గుర్తొస్తాడు.
ప్రతిసారీ కాదు. అబద్ధమెందుకు.

పొడుగాటి లీగల్ కాగితం పెట్టి
ఏళుమలై ప్రింటు కొట్టబోతూ ఆగి,
సంతకం గీతకి పైన
టక్ టక్ టక్ టక్, నాలుగు ఎంటర్లు కొట్టాడు.
గీత రెండో కాగితం మీదకి దూకింది.
ఎందుకన్నా?
"లేకపోతే నరికేస్తుందమ్మా. సరిగ్గా సంతకం పెట్టే చోటే.
ఎవడు చేశాడో గానీ, వాడికి కోర్టు పని పడలేదు."

రెండేళ్ల కిందట
ఊరూ పేరూ చెప్పని మనిషొకరు ఇదే రాశారు:
అడుగు గీత పోతోంది అని.
"నా దగ్గర రావడం లేదు" అని
నాలుగు మాటల్లో మూసేశాను.
నిజమే. నా దగ్గర లీగల్ కాగితం లేదు.
ఆ మాటకొస్తే ప్రింటరే లేదు.

రెండో కాగితానికి రెండు రూపాయలిచ్చి
ఏమీ మాట్లాడకుండా ఇంటికొచ్చాను.

పదకొండు రోజులు, అరువు తెచ్చిన ప్రింటరు, ఒక కట్ట కాగితం.
దొరికింది,
"కదపకండి" అన్న మాటకి సరిగ్గా కిందే,
ప్లస్ ఉండాల్సిన చోట ఒక మైనస్.
ఆయన మాట చెరపలేదు.
దాని కింద ఇంకో వరస చేర్చాను:
"కదిపాను. క్షమించాలి."

అది సైదాపేట చేరడానికి పది నెలలు పట్టింది.
ఆ కుర్రాడు మళ్లీ రావాలి కదా.

వానలు తగ్గాక వెళ్లాను.
టక్ టక్ టక్ టక్.
ఒక్క నిమిషమన్నా, అని చెయ్యి చాచి
ఆ నాలుగింటినీ వెనక్కి చెరిపేశాను.
"వద్దమ్మా, కాగితం దండగ..."
వచ్చింది. ఒకే కాగితం.
అడుగున గీత, ఇటు చివర నుంచి అటు చివరకి.

ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని చూశాడు,
దొంగనోటుని చూసినట్టు.
"ఇవాళ దీనికి మనసు బాగున్నట్టుంది."

నా వెనక నిలబడ్డ నల్లకోటు ముందుకొచ్చింది.
ఏళుమలై కుర్చీ జరుపుకున్నాడు.
టక్ టక్ టక్ టక్.